అట్టముక్క మీద ఎర్ర మరక

మా కారులో స్టీరింగ్ ఆయిల్ పోసే డబ్బా నా పిడికిలి కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. బానెట్ ఎత్తితే బ్యాటరీకి వెనక, లోపలి ఆయిల్ మసకగా కనబడే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ కింది గీత కంటే తగ్గకూడదు, పై గీత దాటకూడదు. అంతే సంగతి. ఇంత చిన్న విషయం మీద మా ఇంట్లో ముగ్గురం కలిసి ఒక వానాకాలం చివరంతా తికమకపడ్డాం.

నేను ఉద్యోగమంతా గీతలు చూసే చేశాను. నిజాంసాగర్ కాలువల మీద తూముల దగ్గర గేజి రాళ్ళు పాతి ఉండేవి. పొద్దునా సాయంత్రం సైకిల్ మీద పోయి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో రాసుకురావడం మొదట్లో నా పని. తరవాత్తరవాత అలా రాసుకొచ్చినవాళ్ళ అంకెలు సరిచూడటం నా పని అయింది. రిటైరై కామారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాక కాలువ దూరమైంది కాని, గీతలు చూసే అలవాటు పోలేదు. ఇంటి మీది నీళ్ళ ట్యాంకు, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు, కారులో ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, అన్నీ ఆదివారం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూసి డైరీలో రాసుకుంటాను. మా ఆవిడ దీన్ని ఆదివారం పూజ అంటుంది. "పూజ అయిందా, అయితే ప్రసాదం లేదుగాని ఉప్మా ఉన్నది, రా" అని పిలుస్తుంది.

ఆమె కారు నేర్చుకోవడం నా కంటి ఆపరేషన్‌తో మొదలైంది. కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. ఎక్కడికి పోవాలన్నా డ్రైవర్ కోసం వాళ్ళనూ వీళ్ళనూ అడగాల్సి వచ్చేది. ఒకరోజు పిలిచిన డ్రైవర్ రాలేదు. చీర కట్టుకుని, తాళం వేసుకుని వాకిట్లో నిలబడ్డ మనిషి మళ్ళీ తాళం తీస్తూ అన్నది.

"ఇగ ఎవ్వల్ని బతిమాలుడు లేదు. నేనే నేర్చుకుంట."

"ఈ వయసులనా?"

"లైసెన్సు ఇచ్చేటోళ్ళకు లేని బాధ నీకెందుకు?"

నిజంగానే డ్రైవింగ్ స్కూల్‌కు పోయింది, నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. అయితే స్కూలు వాళ్ళది చిన్న కారు. మాది డీజిల్ బండి, ముందు భాగం బరువు. మొదటి రోజు మా కారులో కూర్చుని స్టీరింగ్ తిప్పబోయి వెంటనే కుడి భుజం పట్టుకుంది. ఆ భుజం పట్టేసి అప్పటికి చాలా కాలం. చెయ్యి తల దాకా పైకి లేవదు. జడ కూడా మా అవ్వ వేస్తుంది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

"ఇది స్టీరింగా, విసుర్రాయా?" అన్నది.

నాకూ అనుమానం వచ్చింది. నా ఆపరేషన్ రోజుల్లో ఆదివారం పూజలు జరగలేదు. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో ఆయిల్ కింది గీత కంటే దిగువకు పోయింది. ఇంజన్ నడుస్తుండగా స్టీరింగ్ తిప్పితే కుక్కపిల్ల మూలిగినట్టు సన్నటి చప్పుడు. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే డబ్బా కింద పైపుకు వేసిన క్లాంపు వదులైందని చూపించాడు. క్లాంపు బిగించి, నల్లబడ్డ పాత ఆయిల్ తీసేసి, కొత్తది పోశాడు. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలాగా ఎర్రగా, తేటగా ఉంది. ముందు చక్రాలు జాకీ మీద పైకి లేపి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పుతూ లోపల చేరిన గాలి బుడగలన్నీ పోయేదాకా చూశాడు. పోస్తూ, తిప్పుతూ, మళ్ళీ గీత చూస్తూ. నాకు ఆ పని ఎంతో నచ్చింది. కాలువకు మొదటిసారి నీళ్ళు వదిలినప్పుడు మేమూ అట్లాగే చేసేవాళ్ళం.

ఆ తరవాత మా ఆవిడ స్టీరింగ్‌ను మూడు వేళ్ళతో తిప్పింది. రెండో చేతి ఆసరా లేకుండానే. ముఖంలో వచ్చిన ఆ వెలుగు చూసి, ఈ డబ్బాలో గీత ఇక ఎన్నడూ తగ్గనియ్యకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయిల్ తగ్గితే నాకు స్టీరింగ్ కొంచెం బరువవుతుంది. ఆమెకు మాత్రం కారే ఉండదు.

కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మూత తీసే ముందు చుట్టూ దుమ్ము తుడవాలి. అదే రకం ఆయిల్ పోయాలి, వేరేది కలపకూడదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి అక్కడే బిగబట్టకూడదు, పంపు మీద జోరు పడుతుంది, వెంటనే కొద్దిగా వెనక్కి వదలాలి. ఇది ఆమెకూ చెప్పాను. రేకుల షెడ్డులో కారు నిలిపే చోట, ముందు భాగం కింద ఒక అట్టముక్క పరిచాను. ఫ్రిజ్ వచ్చిన పెట్టె అట్ట అది. చుక్క కారినా పొద్దున్నే తెలుస్తుంది.

సాయంత్రాలు ప్రాక్టీసు. ఊరి బయట కొత్త వెంచర్ ఒకటి ఉంది. ఇండ్లు ఇంకా లేవలేదు కాని, ప్లాట్ల మధ్య సిమెంటు రోడ్లు వేశారు. అక్కడ గొర్రెలు తప్ప ఎదురొచ్చేవాళ్ళు లేరు. ఆమె నడిపేది, నేను పక్కన కూర్చునేవాణ్ని. తిరిగి వచ్చేటప్పుడు మా కాలనీ మొదట్లో ఉన్న పార్కు దగ్గర నేను దిగిపోయేవాణ్ని. అక్కడ నాలాంటి రిటైరైన వాళ్ళం నలుగురం కూర్చుంటాం. పార్కు నుంచి ఇంటిదాకా ఆమె ఒక్కతే. అదే ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన దారి. గేట్ల దగ్గర నిలబడి మాట్లాడుకునే ఆడవాళ్ళ ముందు నుంచి, అద్దం దించుకుని, చిన్నగా హారన్ కొట్టుకుంటూ పోయేది.

ఇక్కడ ఎల్లారెడ్డి సంగతి చెప్పాలి. అక్కడ ఆమె అక్క ఉంటుంది. ఆ అక్క కూతురి పెండ్లి కార్తీకంలో కుదిరింది. పెండ్లికి ముందు బియ్యప్పిండి సకినాలు చుట్టడానికి చుట్టపు ఆడవాళ్ళంతా కూడతారు. మా ఆవిడ చెయ్యి పడితే పిండి తెగకుండా, వరస తప్పకుండా గుండ్రంగా వస్తుందని పేరు. భుజం పట్టేసినా మణికట్టు బాగుంది కాబట్టి ఆ పేరు ఇంకా నిలిచింది. పిలుపు ఫోనులో వచ్చింది. స్పీకర్ పెట్టింది గనక నేనూ విన్నాను.

"వస్త అక్కా. నా కారు నేనే నడుపుకుంట వస్త."

"నువ్వు కారు నడుపుడేందే చెల్లె? చిన్నప్పుడు సైకిల్ తొక్కుమంటే పోయి తుమ్మచెట్టుకు గుద్దితివి."

"గుద్దితే గుద్దిన. చెట్టు మంచిగనే ఉన్నది, నేను మంచిగనే ఉన్న. సకినాల నాడు నీ వాకిట్ల కారు ఆపుత, చూస్కో."

"చూస్త. బస్సు దిగి సంచి పట్టుకొని నడుసుకుంట వస్తివా, నిన్ను పిండి ముట్టనియ్య. పీట మీద కూసోబెట్టి అందరికి చూపిస్త, గీమెనే మా డ్రైవరమ్మ అని."

ఇద్దరూ నవ్వుకున్నారు. కాని ఫోను పెట్టేశాక మా ఆవిడ నవ్వు ఆపి, ఆ రాత్రి అన్నం పెడుతూ కూడా దారి గురించే అడిగింది. లింగంపేట దగ్గర మలుపులు ఎట్లా ఉంటాయి, అడవిలో రోడ్డు ఎంత వెడల్పు, బస్సు ఎదురొస్తే ఎక్కడ తప్పుకోవాలి. పెండ్లి ఇంటికి ఇచ్చిన మాట అది. అక్క ఆ మాట అప్పటికే ఊరంతా చెప్పి ఉంటుందని ఆమెకు తెలుసు.

మొదటి మరక ఆ వారంలోనే కనబడింది.

పొద్దున అట్టముక్క బయటికి లాగితే దాని మీద చింతగింజంత ఎర్ర చుక్కలు నాలుగైదు ఉన్నాయి. ముట్టుకుంటే ఆరిపోయి ఉన్నాయి. నూనె అట్ట పీల్చేసిందనుకున్నాను. బానెట్ ఎత్తి డబ్బా చూశాను. గీత ఎక్కడుండాలో అక్కడే ఉంది. చుక్కలే కదా, గీత మీద కనబడేంత కారలేదని రాసుకుని, క్లాంపు నేనే ఇంకొంచెం బిగించాను. మరుసటి రోజు ప్రాక్టీసుకు పోలేదు, మరక రాలేదు. క్లాంపు పని చేసిందనుకున్నాను. ఆ తరవాత రోజు పోయాం, మరక వచ్చింది. ఈసారి రూపాయి బిళ్ళంత.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. కారు కిందికి దూరి లైటు వేసి చూశాడు. పైపులన్నీ చేతితో తడిమాడు.

"సార్, ఎక్కడ తడి లేదు. కారితే పైపుకు మన్ను అంటుకుంటది. ఇది పొడిగున్నది."

"మరి కింద ఎర్రగ ఎందుకు పడుతున్నది?"

"అదే నాకు సమజైతలేదు."

"పైపు మార్చు."

"మంచిగున్న పైపు సార్ అది."

"అయినా మార్చు."

"మీరు మార్చుమంటే మారుస్త. నాదేం పోయింది." కొత్త పైపు, కొత్త క్లాంపులు వేశాడు. ఇంటికి వచ్చి అట్టముక్క కొత్తది పరిచాను. మా అవ్వ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమెకు ఎనభై దాటాయి. చెవులు సరిగా వినిపించవు, కళ్ళు మాత్రం వీధి చివరిదాకా చూస్తాయి.

"కారుకేమైందట బిడ్డా?" అని కోడల్ని అడిగింది.

"ఖరాబైందట అత్తమ్మ. ఆయిల్ కారుతదంట." మా ఆవిడ గట్టిగా చెప్పింది.

"మొన్ననే మంచిగ చేపిచ్చిరి కద. ఊకెనే ఎట్ల ఖరాబైతది?" అన్నది అవ్వ.

మరుసటి ప్రాక్టీసు తరవాత వచ్చిన మరక అరచెయ్యంత ఉంది.

నేను నిజంగా భయపడ్డాను. కొత్త పైపు వేశాక మరక పెరిగిందంటే లోపం పంపులోనో, స్టీరింగ్ పెట్టెలోనో ఉండాలి. అడవి దారిలో మలుపు మధ్యలో ఆయిల్ పోయి స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కితే ఆ భుజంతో ఆమె తిప్పగలదా? నా కళ్ళు అప్పటికి బాగయ్యాయి, డాక్టర్ బండి నడపవచ్చన్నాడు. అందుకని ఒకరోజు ఆమెను ఇంట్లో ఉండమని నేనొక్కణ్నే వెంచర్ దాకా పోయి అన్ని రోడ్లూ తిరిగి, చీకటి పడ్డాక వచ్చాను. పొద్దున అట్ట చూస్తే శుభ్రంగా ఉంది.

నాకు సంగతి తెలిసిపోయిందనుకున్నాను. ఛాయ్ తాగుతున్నప్పుడు చెప్పాను.

"నేను నడిపితే కారలేదు. నువ్వు నడిపితేనే కారుతున్నది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి అట్లనే పట్టుకుంటున్నవు. జోరుకు ఆయిల్ తన్నుకొస్తున్నది."

"నేను పట్టుకుంటలేను. నువ్వు పక్కనే కూసుంటవు కద, ఎన్నడన్న చూసినవా?"

"పార్కు కాడ నేను దిగినంక, ఇంట్ల పెట్టేటప్పుడు పట్టుకుంటున్నవేమో. గేటు కాడ మలుపు గట్టిది."

"డబ్బాల తగ్గిందా?"

"తగ్గలే."

"తగ్గకుంట ఎట్ల కారుతది?" కప్పు కింద పెట్టింది. "మీ కాలువ ముచ్చట నువ్వే కద వచ్చినోళ్ళందరికి చెప్తవు. పై ఊరోళ్ళు గండి కొట్టిన్రు, వాళ్ళ చేన్లల్ల నీళ్ళున్నయని కింది ఊరోళ్ళు కొట్లాటకు వస్తే, నువ్వేమన్నవు?"

ఆ సంగతి నిజమే. గేజి చూసి, గీత తగ్గలేదు, కాలువ నీళ్ళు కాలువలోనే ఉన్నాయి, చేనులో ఉన్నవి రాత్రి కురిసిన వాన నీళ్ళు అని చెప్పి రెండు ఊళ్ళ వాళ్ళనూ ఇండ్లకు పంపాను. ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. చాలాసార్లు చెప్పుకున్నాను.

"అది కాలువ. ఇది కారు," అన్నాను.

"ఔ. కాలువైతే నీ లెక్క నడుస్తది. నేను నడిపితే నడువది." కొంగుతో చెయ్యి తుడుచుకుని లోపలికి పోయింది.

"ఎల్లారెడ్డికి బస్సుల పోదాం. లేకుంటే నేను నడుపుత," అని వెనక నుంచి అన్నాను.

తరవాత రెండు మూడు రోజులు ఇల్లు ఇల్లులాగా లేదు. వంట రుచి తగ్గలేదు కాని మాట తగ్గింది. పక్కింటామెను బస్సు టైములు అడుగుతుంటే విన్నాను. ఒకసారి అక్కకు ఫోను కలిపి, అటు నుంచి "ఏందే డ్రైవరమ్మా" అన్న గొంతు వినబడగానే, "ఏం లేదక్కా, పిండి ఎన్ని కిలోలు పట్టిస్తున్నరని" అని మాట మార్చి పెట్టేసింది. ఒక మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచి వాకిట్లోకి వస్తే, షెడ్డులో కారు తలుపు తీసి ఉంది. ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. తాళం చెవి వెయ్యలేదు. చేతులు రెండూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ముందు గోడను చూస్తోంది. నన్ను చూసి దిగలేదు, దాచుకోలేదు.

నేను పోయి పక్క సీట్లో కూర్చున్నాను.

"సాయంత్రం ఒక్కసారి పోదాం," అన్నాను. "ఈసారి పార్కు కాడ దిగను. ఇంట్లకొచ్చి బండి బందు చేసేదాక ఈడనే ఉంట. ఎక్కడ కారుతదో ఇద్దరం చూద్దాం."

"కారకుంటే?"

"కారకుంటే ఎల్లారెడ్డికి నువ్వే నడుపు."

"నువ్వు ఎన్క సీట్ల కూసోవాలె."

"సరే."

"మాట్లాడొద్దు."

అదీ సరేనన్నాను.

సాయంత్రం పోయాం. నేను ఆమె చేతులే చూస్తున్నాను. మలుపు దగ్గర చివరిదాకా తిప్పినప్పుడల్లా వేళ్ళు వెంటనే కొద్దిగా వెనక్కి వదులుతున్నాయి. నేను చెప్పినట్టే, నాకంటే నేర్పుగా. పార్కు దగ్గర నా స్నేహితులు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను, దిగలేదు. గేట్ల దగ్గర ఆడవాళ్ళు మాటలు ఆపి చూశారు. మా గేటు మలుపు కూడా ఆమె బాగానే తిప్పింది. షెడ్డులో కారు ఆగింది.

అరుగు మెట్ల దగ్గర మా అవ్వ ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నేను దిగడం చూసి పళ్ళాన్ని కొంగు చాటుకు జరిపింది.

"నువ్వెందుకొచ్చినవు కొడుకా? పార్కు కాడ లేవా?"

"ఇయ్యాల దిగలే అవ్వా. ఏంది అది?"

అవ్వ కోడలి వైపు చూసింది. కోడలు నేల వైపు చూసింది. ఇద్దరూ ఎందుకు అట్లా నిలబడ్డారో నాకు తెలుసు. కారు కొన్నప్పుడు చక్రాల కింద పెట్టడానికి అవ్వ తెచ్చిన నిమ్మకాయలను నేను పులిహోరకు వాడమని లోపలికి పంపాను. అప్పటి నుంచి ఇట్లాంటివన్నీ నేను లేనప్పుడే జరుగుతాయి.

"ఏమున్నది. దిష్టి నీళ్ళు," అన్నది అవ్వ, ఇక దాచి లాభం లేదని. "ఆడిమనిషి ఒక్కతే కారు నడుపుకుంట వస్తుంటే గల్లీ గల్లంత కండ్లు పెట్టుకొని చూస్తున్నరు. ఆమె చెయ్యి మొదలే మంచిగ లేదు. నీకేం తెలుసు. జరుగు."

పళ్ళెంలో పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళు. కోడలి ముందు మూడుసార్లు తిప్పింది. "ఎన్కకు చూడకుంట లోపలికి పో. కాళ్ళు కడుక్కో," అన్నది. మా ఆవిడ తిరిగి చూడకుండా పక్క సందులోంచి నల్లా దగ్గరికి పోయింది. అవ్వ ఒక చెయ్యి బానెట్ మీద ఆనించుకుని, మెల్లగా వంగి, పళ్ళెంలోని నీళ్ళు కారు ముందు భాగం కిందికి, సరిగ్గా నా అట్టముక్క మీదికి వంచింది.

నేను దగ్గరికి పోయి గట్టిగా అడిగాను.

"అవ్వా. అక్కడెందుకు పోస్తున్నవు?"

"మల్లెక్కడ పొయ్యాలె?" అవ్వ నడుము పట్టుకుని నిలబడింది. "దిష్టి నీళ్ళు తొక్కొద్దు. నాలుగు బాటలు కలిసేకాడికి పోదమంటే నా మోకాళ్ళు పోనియ్యవు. వాకిట్ల పోస్తే నువ్వే తొక్కుతవు, చూడకుంట నడుస్తవు. కారు కిందికి ఎవ్వలు పోతరు?"

"రోజు గిట్లనే పోస్తున్నవా?"

"ఆమె నడిపిన నాడే. నడపని నాడెందుకు? మొదలు జరంతనే పోసిన. కారు మాటిమాటికి ఖరాబైతున్నదంటిరి, దిష్టి గట్టిదేమోనని పళ్ళెం నిండ కలుపుతున్న."

నల్లా దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. మా ఆవిడ గోడ మూల నుంచి తల బయటికి పెట్టింది.

"ఏమన్నది అత్తమ్మ?"

నేను అట్టముక్క లాగి చూపించాను. ఎర్రగా, అరచేతి కంటే పెద్దగా, ఇంకా తడిగా మెరుస్తోంది. నవ్వు ఎవరికి ముందు వచ్చిందో చెప్పలేను. అవ్వకు మాటలు వినబడకపోయినా మా ఇద్దరినీ చూసి ఆమె కూడా నవ్వింది. "ఏందిరా, ఏమైందిరా" అంటూ నవ్వింది. సంగతి చెవిలో గట్టిగా చెప్పాక ఇంకా ఎక్కువ నవ్వింది.

మా ఆవిడ అందరికంటే ముందు నవ్వు ఆపింది. "నేను నడిపితేనే కారుతదంటివి," అన్నది.

"అన్న."

"పైపు మార్పిస్తివి."

"మార్పించిన."

"గీత తగ్గకుంటే?"

"వాన నీళ్ళు," అన్నాను.

"ఆ. గిప్పుడన్న తెలిసింది." చెంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నంలోకి ఇంకో కూర ఎక్కువ వచ్చింది. నూనె మరక అయితే అట్టకు అవతలి వైపు కూడా దిగేదని, ఒక్కసారి తిప్పి చూసినా తెలిసేదని నాకు భోజనం మధ్యలో తట్టింది. అదప్పుడు పైకి చెప్పలేదు.

ఎల్లారెడ్డి ప్రయాణం నాడు మాట ప్రకారం నేను వెనక సీట్లో కూర్చున్నాను. అవ్వ ముందు సీటు. నా పక్కన నువ్వుల డబ్బా, వాము పొట్లం, పీట, పాత చీరల మూట. సకినాలు చుట్టి పరచడానికి పాత చీరలే మంచివి. బయలుదేరే ముందు చివరిసారి గీత చూశాను. సరిగ్గా ఉంది. మూత తుడిచి, బానెట్ మూసి, నోరు కూడా మూసుకున్నాను.

ఊరు దాటినాక రోడ్డు పక్కన సగందాకా మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోశారు. కొన్నిచోట్ల వడ్లు. కుప్పల అంచుల వెంట రాళ్ళు పెట్టి ఉంటాయి, వాటి మీదికి ఎక్కకూడదు. రెండు బండ్లు పోయే రోడ్డు ఒక బండి రోడ్డు అయిపోతుంది. లింగంపేట ఇంకా కొంత దూరముందనగా, మలుపు తిరగగానే ఎదురుగా బస్సు. ఎడమ పక్క మక్కలు, కుడి పక్క బస్సు. నా కాలు దానంతటదే లేని బ్రేకును తొక్కింది. గొంతు దాకా వచ్చిన మాటను మింగాను. ఆమె వేగం తగ్గించి, మక్కల కుప్ప అయిపోయిన చోట రోడ్డు దిగి, స్టీరింగ్ నిండా ఎడమకు తిప్పి, చిటికెడు వెనక్కి వదిలి, ఆపింది. బస్సు పోయింది. మళ్ళీ అంతే తేలిగ్గా రోడ్డు ఎక్కించింది. మూడు వేళ్ళతో.

"బస్సాయన సలాం చేసిండు," అన్నది అవ్వ.

"చెయ్యి చూపిండు అత్తమ్మ, తప్పుకున్నందుకు."

"అదే సలాం."

అద్దంలో మా ఆవిడ కళ్ళు నా వైపు ఒకసారి చూశాయి. నేను పెదవి విప్పలేదు. వేలితో డోరు మీద రెండుసార్లు తట్టాను, బాగుంది అన్నట్టు. అడవి దారిలో సీతాఫలాలు అమ్మే ఆమె దగ్గర ఆపి ఒక గంప కొన్నాం. కారు ఆపినప్పుడు మాట్లాడవచ్చని నాకు సెలవు దొరికింది. కాని ఏం మాట్లాడాలో తోచక పండ్ల గురించే మాట్లాడాను.

ఎల్లారెడ్డిలో అక్క ఇల్లు సందు లోపల. వాకిట్లో పందిరి గుంజలు అప్పటికే పాతారు. ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. హారన్ విని అందరూ లేచి గేటు దగ్గరికి వచ్చారు. గుంజల మధ్య నుంచి, ఒకసారి వెనక్కి తీసి, మళ్ళీ తిప్పి, కారును వాకిట్లో నిలబెట్టింది.

"గుంజలకు గుద్దలేదే చెల్లె," అన్నది అక్క.

"తుమ్మచెట్టు అయితే గుద్దుదు. గుంజలు సన్నగున్నయి."

అక్క డ్రైవర్ తలుపు తీసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని దించింది. దించి, చెయ్యి వదలకుండా, "దిగినంక కూడ చెయ్యి వణుకుతలేదు, చూడుండ్రి" అని అందరికీ చూపించింది. ఎగతాళి కోసం దాచుకున్న మాటలన్నీ ఆమె ఆ పూట నా మీద ఖర్చుపెట్టింది. "మరిదిగారు ఎన్క సీట్ల మూటల నడుమ కూసొని వచ్చిండట" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. మా అవ్వ అట్టముక్క కథ మొదటి నుంచి చివరిదాకా వినిపించింది, నా గొంతు అనుకరిస్తూ. పిండి చుట్టే చేతులు ఆగిపోయేంతగా నవ్వారు. నేను అరుగు మీద కూర్చుని సీతాఫలం గింజలు లెక్కపెట్టకుండా ఉమ్మాను.

ఆ సాయంత్రం అక్క పళ్ళెంలో ఎర్రనీళ్ళు తెచ్చింది. చెల్లెలికి తిప్పి, ఎక్కడ పొయ్యాలా అని నా వైపు చూసింది. వాకిలి నిండా జనం. తొక్కని చోటు ఎక్కడా లేదు.

"కారు కింద పొయ్యి వదినె," అన్నాను. "అక్కడైతే ఎవరూ తొక్కరు."

పొద్దున్నే లేచాను. ఆడవాళ్ళు అప్పటికే చాపల మీద కూర్చున్నారు. మా ఆవిడ కుడిచెయ్యి మోకాలి మీద ఆనించుకుని, వేళ్ళ మధ్య పిండి నులుముతూ, పాత చీర మీద చుట్టు వెనక చుట్టు పరుస్తోంది. కారు కింద మట్టి మీద ఎర్ర మరక ఆరిపోయి ఉంది. ఆదివారం కాకపోయినా బానెట్ ఎత్తాను. మూత చుట్టూ దుమ్ము తుడిచి, వంగి గీత చూశాను. అంత దూరం వచ్చినా ఆయిల్ నిన్న ఉన్నచోటే ఉంది.

"ఏమంటది నీ గేజి?" చుట్టు తెగకుండా, తల ఎత్తకుండా మా ఆవిడ అడిగింది.

"మాపటికి ఇంటిదాక కూడ నువ్వే నడుపాలంటది," అన్నాను.